నీలమ్మ పేరు నిలబెట్టిన అప్పన్న మావ

మంగళవారం ఉదయం మా ఊరు బారువ నుంచి ఫోను వచ్చింది. "అప్పన్న మావ పోయాడు" అన్నారు. పడవలు చేసే వడ్రంగి అప్పన్న నా మేనమామ, నాకు ఉలి పట్టడం నేర్పిన గురువు.

మాతృవాత్సల్యం ఆయనకు వదిన నీలమ్మ దగ్గరే దక్కింది. ఆమె, భర్తా, ఇద్దరు పిల్లలూ పడవలో పెళ్లికి వెళుతూ తుపానుకు బలయ్యారు. పడవ మాత్రం ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సముద్రం తీసుకుపోయినవాళ్ల పేరు ఒడ్డున ఎత్తకూడదని మా పేట ఆచారం. మావ ఏళ్ల తరబడి ఎత్తలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక సినిమా దర్శకుడు వచ్చాడు. మావ ఇంట్లో చేపల పులుసు మారు వడ్డించుకుని తిని, ఆ పడవ కథ అడిగాడు. ఇంట తిన్నవాడు ఇంటివాడేనని నమ్మి, మావ అంతా, నీలమ్మ పేరుతో సహా, చెప్పేశాడు. నాకు తెలిసి ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

ఆ సినిమా ఇద్దరం పలాసలో చూశాం. పడవలో ఒక కుటుంబం, వాళ్లను ఒక్కొక్కరినే నీళ్లలోకి లాగే దెయ్యం. దాని పేరు నీలమ్మ. అది మొదట చంపేది సొంత పిల్లల్నే. హాలంతా ఈలలు. మావ మధ్యలోనే లేచి బయటికొచ్చాడు.

"నాకు ముద్దలు కలిపి పెట్టిన సెయ్యిరా అది. దానికి గోళ్లు పెట్టినాడు" అన్నాడు.

ఆ దర్శకుణ్ణి నేను ఈనాటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

పేటలో తల్లులు అన్నం తినని పిల్లల్ని నీలమ్మ వస్తుందని బెదిరించసాగారు. కేసు వేద్దామన్నాను. "కోర్టెందుకురా? ఆడు పాడుసేసిన పేరు నాను బాగుసేత్తాను" అన్నాడు మావ. మా పేటలో పడవకు పేరు పెట్టే హక్కు కొన్నవాడిది కాదు, చేసినవాడిది. అప్పటి నుంచి తాను చేసిన ప్రతి పడవ మీదా, బాగుచేసిన ప్రతి పడవ మీదా నీలమ్మ అనే రాశాడు. యజమానులు జంకారు.

"బయమైతే ఒడ్డునే కూకో. సేపల ఏటకెల్తే మా వొదినే తీసుకెల్తాది, మా వొదినే తిరిగి తెత్తాది" అనేవాడు.

ఏ పడవకూ ఏమీ కాలేదు. ఎత్తకూడదన్న పేరు ఒడ్డంతా నోటికి అలవాటైంది. ఇప్పుడు అదే తల్లులు, నీలమ్మ మీద అయ్య చేపలు తెస్తాడని చెప్పి పిల్లలకు ముద్దలు పెడుతున్నారు.

మావ పోయిన మూడోనాడు దర్శకుడు పెద్ద పూలదండతో దిగాడు. సినిమా రెండో భాగానికి ఒక పడవ కావాలట. దండ మేకకు మేతగా వేశాను. పడవలు బోలెడున్నాయి, పేరు మాత్రం చెరపకూడదన్నాను. ఆయన తీరం పొడుగునా నడిచి ఒక్కొక్క పేరూ చదువుకున్నాడు. చివరి పడవ దగ్గర ఒక ముసలామె, "ఎక్కు బాబూ, మా నీలమ్మ ఎవుల్నీ ఏటీ సెయ్యదు" అంది. ఆయన ముఖం పాలిపోయింది. కాలు పైకెత్తి, మళ్లీ ఇసుకలోనే దించి, కారు వైపు తిరిగాడు.

మావ ఉలి ఇప్పుడు నా చేతిలో ఉంది. రాయాల్సిన పేరూ తెలుసు. ఆయన హస్తవాసి మాత్రం నాకు రాదు. ఆ దర్శకుడు వెనుదిరిగి పోవడం మావ చూడలేదు. నాకు తీరని లోటు అదే.