అవ్వ టీవీ కొలత

మొన్న మీరు వీడియో కాల్ చేసినప్పుడు నా టీవీ నల్లబడిందని నేననేసరికి, లైను పోయిందనుకుని పెట్టేశారు. పోలేదు నాయనా. సీరియల్ నుంచి మీ కాల్‌కి మార్చాను, అంతే. టీవీ కింద ఉన్న ఆ డబ్బా పేరు స్విచ్చర్. ఎటు మార్చినా, ఎంత బొమ్మ పడుతుందో టీవీ తన కొలత చెప్పాలి, అప్పుడే బొమ్మ వస్తుంది. ఈసారి పది లెక్కపెట్టి చూడండి.

ఆ డబ్బాతోనే నేనూ మీ తాతా ఇన్నేళ్లు పెళ్లిళ్లకు వీడియో తీశాం. ఆయన మండపం దగ్గర కెమెరాతో, నేను హాలు మూలన మిక్సింగ్ బల్ల దగ్గర. ఆ కొలతను ఆయన ఈడీఐడీ అనేవాడు. నాకు మాత్రం అది దర్జీకిచ్చే ఆది జాకెట్టు. ఏ స్క్రీన్ కొలత నేర్పి బటన్ నొక్కితే, బొమ్మలన్నీ ఆ కొలతకే వస్తాయి. మీ తాత పొద్దున్నే పెద్ద స్క్రీన్ కొలత నేర్పి, ఆ బటన్ మీద టేపు అంటించేవాడు. పెళ్లి అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు.

నేను ఒక్కసారే ముట్టాను.

మైదుకూరులో పెళ్లి. పెళ్లికూతురి పసితనంలోనే తల్లి పోతే, అవ్వ, అంటే తల్లి తల్లి, పెంచింది. ఆ అవ్వకు తుంటి విరిగి, కర్నూలులో ఆపరేషనై నెల కూడా కాలేదు. హాలేమో మేడ మీద. కుర్చీలో మోసుకుపోతామంటే డాక్టరు వద్దన్నాడట. అందుకని కింద గదిలో మంచం వేసి, ఆమె ఇంట్లోని పాత టీవీనే తెచ్చి ఎదురుగా పెట్టారు. మెట్ల పక్కనుంచి వైరు నేనే లాగాను. పైన మాత్రం గోడంత ఎల్ఈడీ స్క్రీన్. మేనకోడలి పెళ్లని అవ్వ కొడుకు ముచ్చటపడి పెట్టించాడు.

పదిన్నరకు ముహూర్తం. పది దాటాక కిందికి పోయి చూస్తే, టీవీలో వట్టి నీలం రంగు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. అవ్వ పట్టుచీర కట్టుకుని, దిండుకు ఆనుకుని, గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని దాన్నే చూస్తోంది.

"ఏం రాసిండాదమ్మా దాంట్లో?" అని అడిగింది.

ఆ బొమ్మ నాకు పట్టదని టీవీ చెబుతోంది. నేనది చెప్పలేదు. "వస్తాదవ్వా, కొంచేపు ఉండు" అన్నాను.

పెద్ద బొమ్మను చిన్న టీవీకి తగ్గించి ఇచ్చే పిడికెడంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని సంచిలో సర్దాల్సింది నేనే. కర్నూలులో ఇంట్లోనే మర్చిపోయి వచ్చాను. మెట్లెక్కుతుంటే అవ్వ కొడుకు ఎదురై సంగతి కనుక్కున్నాడు. అమ్మకు తర్వాత పెన్‌డ్రైవ్‌లో చూపిద్దాంలే అక్కా, పైన స్క్రీన్ మాత్రం తగ్గకూడదు అన్నాడు. కోపంగా కాదు, చుట్టాలను పలకరిస్తూ, నవ్వుతూనే.

బల్ల దగ్గర కూర్చున్నాను. దారి ఒకటే, స్విచ్చర్‌కు అవ్వ టీవీ కొలత నేర్పడం. చిన్న బొమ్మను పెద్ద స్క్రీన్ సాగదీసుకుని చూపగలదు, కొంచెం మసగ్గా ఉంటుంది, అంతే. పెద్ద బొమ్మను అవ్వ టీవీ ఏమీ చేసుకోలేదు. కానీ బటన్ నొక్కితే అన్నీ ఒకసారి నల్లబడతాయి. నిండు హాల్లో, ముహూర్తం ముందర.

అంతలో పెళ్లికూతురికీ పెళ్లికొడుకుకీ మధ్య తెర పట్టారు. స్క్రీన్ నిండా ఆ పసుపు గుడ్డే. అందులో చూడ్డానికి ఏమీ లేని సమయం అదొక్కటే. గోటితో టేపు లేపి బటన్ నొక్కాను.

గోడంతా నల్లబడింది. హెడ్‌ఫోన్‌లో మీ తాత గొంతు, ఏమైందని.

"అవ్వ టీవీ కొలత పెడతాండా. తెర దించేలోపల వస్తాది."

ఆయన కెమెరా కదపలేదు. నేను లెక్కపెడుతున్నాను. ఆరు. ఏడు. జీలకర్ర బెల్లం పళ్లెం ముందుకు వచ్చింది. తొమ్మిది దగ్గర పసుపు గుడ్డ మళ్లీ కనిపించింది, అంచులు కొంచెం మెత్తబడి. నేను ఊపిరి వదిలేలోగా తెర దిగింది.

కాసేపటికి అవ్వ కొడుకు నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"బొమ్మ పొద్దున మాదిరి ల్యా గదక్కా."

"ల్యాప్పా. అవ్వ టీవీకి పట్టేంతే అందరికీ పెట్టినా."

అతను స్క్రీన్ వంక చూశాడు. తర్వాత నా వంక.

"కనపడ్తాందా అమ్మకు?"

తెలీదన్నాను. బల్ల వదిలి లేవలేకపోయాను మరి. అతను గబగబా మెట్లు దిగాడు. తాళి కట్టడానికి ఇంకా టైముంది. అయిదు నిమిషాలకు రొప్పుతూ పైకి వచ్చి, అక్షింతల పళ్లెం ఏదని అడిగాడు. కింద అమ్మ దగ్గర ఉన్నవి అయిపోయినాయంట. పళ్లెం పళ్లెమే పట్టుకుని దిగిపోయాడు. అంత ముచ్చటపడి పెట్టించిన స్క్రీన్‌లో అతను తాళి కట్టడం చూడలేదు. కింద, మంచం అంచున కూర్చుని, అమ్మ టీవీలో చూశాడు.

భోజనాలయ్యాక వైర్లు చుట్టుకోవడానికి కింద గదికి పోయాం. నేలంతా పసుపు బియ్యం. మీ తాత టీవీ ఎత్తితే లోపల గింజలు గలగలమన్నాయి. వెనక పైనున్న సందుల్లోంచి దూరినట్టున్నాయి. విప్పి దులిపి ఇస్తానన్నాడాయన. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఉండనీ నాయనా. బిడ్డ మింద ఏసినవి."