ఎదుటివాళ్ళ మాట చెప్పే పల్లెకు ప్రయాణం

పద్మక్కకు,

ముందుగా నా రాతని మన్నించు. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియదు, గీతలు లేని కాగితం మీద నా వరసలు కిందికి జారిపోతాయి. అర్థం కానిచోట పైకి చదువుకో, తెలుస్తుంది. ఎన్నికలయ్యాక మీ మామగారూ మీ మరిదీ ఒక పంక్తిలో కూర్చుని తినడం మానేశారనీ, మేము వెళ్ళిన పల్లెకి ఎలా వెళ్ళాలో చెప్పమనీ అడిగావు. అందుకే ఆ రోజు జరిగింది వరసగా రాస్తున్నాను.

మా ఇంట్లో తగువు నీకు కొంత తెలుసు. మా ఆయన పోర్టులో యూనియన్ మనిషి, పాత పార్టీ. దువ్వాడలో ఉన్న మా అన్నయ్య సత్యం కొత్త పార్టీకి తిరిగాడు. దువ్వాడ స్టేషన్లో నలుగురి ముందు అన్నయ్య ఈయన్ని అమ్ముడుపోయినవాడన్నాడు. అన్నయ్య గడప తొక్కనని ఈయన అక్కడే ఒట్టు పెట్టుకున్నారు. తర్వాత నాకు నెల తప్పింది. తొలి కాన్పు పుట్టింట్లోనే అని అన్నయ్య కబురు పెట్టాడు. మల్కాపురం దాటి పంపేది లేదని ఈయన అన్నారు. ఏడో నెల వచ్చినా నేనెక్కడ కనాలో తేలలేదు. అమ్మకి ఎండు చేపలు అమ్మే పైడమ్మ అనే ముసలామె ఇది విని, ఇద్దర్నీ తన పల్లెకి తీసుకురమ్మంది. ఆమె మన కులం కాదు, ఏ పార్టీ మనిషీ కాదు. తీర్పు తనకే అనుకూలంగా వస్తుందని ఎవరికి వారు అనుకోబట్టి ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆదివారం తెల్లవారగానే మల్కాపురంలో బస్సెక్కి గాజువాకలో దిగాము. అక్కడ అనకాపల్లి బస్సు తొందరగానే దొరుకుతుంది. ఫ్యాక్టరీ పనుల లారీలు అడ్డం వస్తే మాత్రం ఆలస్యమవుతుంది. అనకాపల్లిలో అచ్యుతాపురం బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాము. స్టాండు పక్కన కొట్లో ఇడ్లీ బాగుంది, చట్నీ కారం. అమ్మా అన్నయ్యా దువ్వాడ నుంచి రైల్లో వచ్చి అదే బస్సెక్కారు. అన్నయ్య ముందు సీట్లో, ఈయన వెనక సీట్లో, నేను అమ్మ పక్కన కూర్చున్నాము. కండక్టరు ముందు నుంచి టిక్కెట్లు కొడుతూ వెనక దాకా వెళ్ళి, మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు.

"ఏటమ్మా, ముందాయన నీకొక టిక్కెట్టు కొట్టించాడు, ఎనకాయన ఒకటి కొట్టించాడు. కడుపులో పిల్లకీ టిక్కెట్టేటి?"

బస్సంతా నవ్వింది. నేను తల వంచుకున్నాను. వాళ్ళిద్దరూ కిటికీల్లోంచి బయటికి చూశారు.

అచ్యుతాపురంలో దిగాక సముద్రం దాకా ఎడ్లబండి దొరుకుతుంది. మనిషికి అర్ధరూపాయి అడిగాడు, నన్ను చూసి మెల్లగా తోలాడు. పల్లె మొదట్లో రెండు జెండాలు పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడ కొట్టుకోరా అని ఈయన బండివాణ్ణి అడిగారు.

"కొట్టుకున్నారు బాబూ. సగంమంది ఇంకో సగంతో కలిసి వల లాగం అన్నారు. వలకి రెండు తాళ్ళు, ఒక పక్కే లాగితే సేప ఉంటాదేటి? నాలుగు దినాలు పొయ్యిలెలగనేదు. అప్పుడు పైడమ్మ మామ్మ ఎదురెదురుగా కూకోబెట్టింది."

పైడమ్మ మామ్మ తాటాకు పాకలో చేపలు తిరగేస్తోంది. నాకు వాసన పడదని తెలిసి గాలి వచ్చే వైపు చాప వేసింది. మజ్జిగ ఇచ్చింది. తర్వాత మగవాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోమంది.

"ఇక్కడ నీ మాట నువ్వు సెప్పకూడదు. బావ మాట నువ్వు సెప్పాల, నీ మాట బావ సెప్తాడు. ఎవుల మాటో ఆడు ఔననాల. అనేదాక లెగడానికి నేదు."

"ఇదేం తీర్పు మామ్మా? ఎవరిది రైటో నువ్వు చెప్పాలి గాని," అన్నారు ఈయన.

"నాకేటి తెల్సు బాబూ? నాను ఎవులికి ఓటేత్తానో మా ముసిలోడికే సెప్పను."

ముందు అన్నయ్య మొదలెట్టాడు. "బావ ఏటంటాడంటే, ఆళ్ళ నాయకుడు పగలుని రాత్రంటే ఈయనా దీపం ఎలిగిత్తాడు."

"నేనెప్పుడన్నానురా అలాగ?"

"ఔననలేదు. మళ్ళీ సెప్పు," అంది మామ్మ.

అన్నయ్య చాలాసేపు ఇసుకలో గీతలు గీశాడు. "బావోళ్ళ నాన్న పోర్టులో మూటలు మోసీవోడు. పనుంటే కూడు, నేకపోతే నేదు. యూనియనోళ్ళు కొట్లాడితే పని పర్మినెంటయ్యింది. ఆ జెండా దింపీమంటే నాన్నని దింపీమన్నట్టుంటాది బావకి."

ఈయన "ఔను" అన్నారు.

ఇప్పుడు ఈయన వంతు. "సత్యానికి గాలి ఎటు వీస్తే అటు..." అనగానే మామ్మ చేయెత్తింది. ఈయన మళ్ళీ మొదలెట్టారు. "మామగారి పొలం ఫ్యాక్టరీకి పోయింది. దాని కోసం సత్యం ఏ ఆఫీసుకెళ్ళినా మా పార్టీవాళ్ళు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడారు. కొత్తవాళ్ళు లోపలికి పిలిచి టీ ఇచ్చారు."

"టీ కాదు బావా," అన్నాడు అన్నయ్య. "కూకోమన్నారు. కుర్సీ సూపించి కూకోమన్నారు."

"కూర్చోమన్నారు," అన్నారు ఈయన.

"ఔను. అదే."

ఇక లేస్తారనుకున్నాను. మామ్మ నా వైపు చూసింది. "మరి దీని మాట ఎవులు సెప్తారు?"

"అదేటుంది మామ్మా, ఏ ఆడపిల్లకైనా పుట్టింటికి రావాలనే ఉంటాది," అన్నాడు అన్నయ్య.

నేను తల అడ్డంగా ఊపాను.

"చూశావా, మా ఇంట్లోనే ఉంటానంటోంది," అన్నారు ఈయన.

మళ్ళీ ఊపాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఓలమ్మా, ఇన్నాళ్ళ బట్టి దేనికి కొట్టుకున్నారయ్యా మీరు?" అంది మామ్మ. "నువ్వే సెప్పు తల్లీ."

"ఆసుపత్రిలో," అన్నాను. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. అన్నయ్య భార్య, మా వదినకి తల్లి లేక, తొలి కాన్పు దువ్వాడ ఇంట్లోనే జరిగింది, బిడ్డ దక్కలేదు. అప్పుడు వేణ్ణీళ్ళు కాచింది నేనే. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఔనన్నది అన్నయ్యే. మెల్లగా అన్నాడు. ఆ తర్వాత ఈయనా అన్నారు.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని అనకాపల్లి దాకా రాజకీయాలే వాదించుకున్నారు. దిగి కొట్టుకోండని కండక్టరు కసిరాడు. ఇద్దరి ఓట్లూ మారలేదు, మారతాయని నేననుకోవడం లేదు. మా గుమ్మం మీద జెండా ఉంది, దువ్వాడలో అన్నయ్య జెండా ఉంది. కానీ టౌన్లో పెద్దాసుపత్రిలో నా పేరు రాయించడానికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. దార్లో కూడా వాదించుకునే ఉంటారు. ఒకరి మాట ఒకరు పూర్తిగా పలకగలిగితే చాలనిపించింది, ఒప్పుకోనక్కర్లేదు. అయితే అక్కా, వాళ్ళిద్దరి మాటలూ సరిగ్గా తేలినా నా మాట వాటిలో లేదు. అది మాత్రం నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

మీరు వెళ్ళేటప్పుడు ఆదివారం పొద్దున్నే బయలుదేరండి. ఎండెక్కితే బండి దొరకదు. నువ్వు తప్పకుండా వెంట వెళ్ళు, నీకేం కావాలో ఇంటి దగ్గరే ఒక్క మాటలో అనుకుని వెళ్ళు. మామ్మ అడుగుతుంది.

ఇది చదివి పొయ్యిలో పెట్టెయ్యి. వదిన బిడ్డ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనరు, నేనే కాగితం మీద పెట్టాను.