కోచ్ సార్ అడిగిన రెండో ఏడాది

కోచ్ సార్ ఇక లేరన్న సంగతి నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. హన్మకొండ చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి కనిపించింది. స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఆయన ముఖం, కింద రెండు దీపాలు, పైన ‘అశ్రునివాళి’ అన్న అక్షరాలు. నోట్లో ఈల. ఆ ఫొటో నాకు తెలుసు. ఆయన మా కాలేజీకి వచ్చిన రోజు గేటు మీద కట్టింది కూడా దాన్నే. అప్పుడు దీపాలున్న చోట రెండు కప్పులు ఉండేవి.

బస్సు దిగి, పక్క సందులోనే ఉన్న సంపత్ అన్న దుకాణానికి పోయాను. ఆ ఫ్లెక్సీలు ప్రింటు చేసేది ఆయనే. మా కాలేజీ అమ్మాయిల కబడ్డీ జట్టు అభిమానులందరికీ పెద్ద కూడా ఆయనే. ఒకప్పుడు వాళ్ళ చెల్లెలు ఆ జట్టుకు కెప్టెన్. చెల్లెలు పెళ్ళయి వెళ్ళిపోయినా అన్న మాత్రం గ్రౌండు వదల్లేదు.

“గుండె ఆగిందట చెల్లె. మొన్న పొద్దుగాల, వర్ధన్నపేటల, ఇంటికాడనే. దవాఖానకు తీస్కపోయే టైం గూడ ఇయ్యలేదట,” అన్నాడు కంప్యూటర్ మీంచి కళ్ళు తీయకుండా. “నా దగ్గర వేరే ఫొటో లేదు. ఈల తీసేద్దామని శాన సేపు చూసిన. తీస్తే నోటికాడ ఖాళీ అయితాంది.”

ఆ ఈల సార్‌ది కాదు. కోచ్ అంటే ఈల ఉండాలని సంపత్ అన్నే ఎక్కడినుంచో తెచ్చి ఫొటోలో అతికించాడు. సార్ ఏనాడూ ఈల ఊదలేదు. చప్పట్లు కొట్టేవారు. ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆయనకు ముందు మా జట్టుకున్న పెద్ద కోచ్ ఉన్నన్నాళ్ళూ యూనివర్సిటీ షీల్డు ప్రిన్సిపాల్ గది బీరువా దాటి ఎటూ పోలేదు. ఆయన రిటైరయ్యారు, షీల్డూ పోయింది. ఇక ఆ వేసవంతా కాలేజీ ఎదుటి టీ కొట్టు దగ్గర ఒకటే ముచ్చట. కొత్తాయన వస్తున్నాడట, ఒకప్పుడు పేరున్న రైడరట, ఆయన కూతకు వెళ్తే ఎదుటి జట్టంతా వెనక గీతకు అతుక్కునేదట. ఆయన ఆట కళ్ళతో చూసినవాళ్ళు ఎవరూ లేరు. లేకపోవడం వల్లే ఆయన రోజురోజుకూ పెరిగారు. కాలేజీ తెరిచేసరికి, ఆయన కుర్చీలో కూర్చుంటే చాలు, షీల్డు దానంతటదే నడిచి వస్తుందన్నంత నమ్మకం. ఫ్లెక్సీ మీద ‘కోచ్ వచ్చిండు, కప్పు వస్తాంది’ అని వేయించారు. డప్పులు పెట్టారు.

సార్ వర్ధన్నపేట బస్సు దిగి, చేతిలో స్టీలు డబ్బాతో వచ్చి, డప్పులు చూసి ఎవరిదో పెళ్ళి ఊరేగింపు అనుకుని పక్కకు తప్పుకున్నారు. సంపత్ అన్న చెయ్యి పట్టుకుని ఫ్లెక్సీ కిందికి తీసుకొచ్చాక తలెత్తి తన ముఖాన్ని తాను చూసుకున్నారు. మైకు ఇచ్చి ఏదైనా మాట్లాడమంటే, “నేనింక పిల్లలనే సూడలే,” అన్నారు. “జర రెండేండ్లు టైం ఇయ్యిండ్రి. మొదటి ఏడు పునాదికే పోతది. ఆ రెండో ఏడు మాత్రం నాకు గావాలె.”

అందరం చప్పట్లు కొట్టాం. పెద్దవాళ్ళు అట్లాగే తగ్గి మాట్లాడతారనుకున్నాం. ఆయన నిజంగానే అడుగుతున్నారని ఎవరికీ తోచలేదు.

ఒక్కచోట కుదురుగా కూర్చోలేని నాకు క్లాసు కన్నా గ్రౌండు గోడే నయంగా ఉండేది. అభిమానులంతా ఆ గోడమీదే. అక్కడినుంచి ఆ మొదటి వారాలంతా మేం చూసింది పడటం. సార్ చెప్పులు బయట విడిచి కోర్టులోకి వెళ్ళేవారు, గుడిలోకి వెళ్ళినట్టు కాదు, పొలంలోకి దిగినట్టు. చప్పట్లు కొట్టగానే అమ్మాయిలు వరుసగా ముందుకు పడేవారు. చేతులు చాపి, ఛాతీ నేలకానించి, ముఖం పక్కకు తిప్పి. లేవడం, మళ్ళీ పడటం.

“పడుడు సారు నేర్పుతాండు. గెలుసుడు ఎవలు నేర్పుతరో,” అనేవాడొకడు గోడ మీంచి.

“ఫికర్ జెయ్యకు. వచ్చే నెల లేసుడు నేర్పుతడట,” అనేవాడు ఇంకొకడు.

సార్ విననట్టు నటించేవారు కాదు. ఇటు తిరిగి, “కూతకు ఎవలన్న పోతరు బిడ్డా. మర్లి వచ్చుడే ఆట. మంచిగ పడుడు రానోళ్ళు మర్లి రారు,” అనేవారు. ఆ మాట జట్టుకో, గోడకో తెలిసేది కాదు. సాయంత్రం ఆట ముగిశాక డబ్బా తెరిచి వేయించిన పల్లీలు, బెల్లంముక్క అందరికీ పెట్టేవారు. ఎగతాళి చేసినవాళ్ళకు కూడా. వాళ్ళు తినేవారు కూడా.

తర్వాత వానలు పట్టాయి. మాది మట్టి కోర్టు. తడిస్తే జారుతుంది, ఆరితే గట్టిపడి మోకాళ్ళు చీరుతుంది. కప్పడానికి కాలేజీ ఇస్తానన్న టార్పాలిన్ రాలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే గేటు మీద ఫ్లెక్సీ లేదు. కోర్టులో మధ్యగీత మీద బోర్లా పరిచి ఉంది, మూలమూలకూ రాయి పెట్టి.

మా దగ్గర ఫ్లెక్సీ అంటే ఉట్టి గుడ్డ కాదు. పుట్టినరోజుకైనా పెద్దకర్మకైనా, మనిషి మీద ఎంత ప్రేమ, మా మాటలో పావురం, ఉంటే అంత వెడల్పున కట్టిస్తాం. ఎవరైనా చింపితే కొట్లాటలవుతాయి. పాతబడ్డాక దాన్నే వడ్లకుప్ప మీద కప్పుతాం, అది తప్పు కాదు. కానీ కొత్తది కొత్తగా ఉండగానే దించడం, తన ముఖాన్ని తానే మట్టిలో పరచడం ఎవరూ ఎరగరు.

“మేం మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నం సార్. మీరు తీస్కపోయి నేలకేసి పర్సిండ్రు,” అన్నాడు సంపత్ అన్న.

“నా మొఖం గేటుమీద ఉంటె ఏం పని తమ్మీ? ఈడుంటె గీత తడువకుంట కాపాడుతది. కొలిచినట్టె కొట్టించినవ్, సరిగ్గ సరిపోయింది.”

సార్ మెచ్చుకునే అన్నారు. సంపత్ అన్నకు అది వెక్కిరింతగా తగిలింది. ఆ మధ్యాహ్నానికి టీ కొట్టు దగ్గర మాట మారిపోయింది. పొగరట. మన ప్రేమంటే లెక్కలేదట.

ఆ ఏడాది పోటీల్లో సీనియర్ రైడర్ మోకాలు వాచింది. ఆడతానని ఆమె, ఆడించాలని జనం. సార్ ఆమెను కూర్చోబెట్టి, కేసముద్రం నుంచి కొత్తగా వచ్చిన స్రవంతిని పంపారు. “మోకాలు పోతే షీల్డుతోని అతుకుతమా,” అన్నారు. చివరి కూతలో ఎదుటివాళ్ళు స్రవంతి మడమ దొరకబుచ్చుకున్నారు. ఆమె పడింది. చెయ్యి చాపింది. మధ్యగీతకు జానెడు ఇవతల ఆగిపోయింది. గ్యాలరీలో వినిపించిన మాటలు ఇక్కడ రాయలేను. సార్ వెళ్ళి స్రవంతి మోచేతికి అంటిన మట్టి తుడిచారు.

మరునాడు అభిమానులంతా ప్రిన్సిపాల్ గదిలో నిలబడ్డారు. “వచ్చే ఏడుకు కొత్త కోచ్ గావాలె సార్. పాతాయనున్నప్పుడు గిట్లుండెనా?” అన్న మాట బయటి వరండా దాకా వచ్చింది. వరండాలో సార్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన అడిగిన ఆ రెండో ఏడాది అక్కడే, తలుపు అవతల పోయింది.

సాయంత్రం బస్టాపులో నేను ఆగలేక అడిగాను: “కోపం రాలేదా సార్?”

“ఎందుకస్తది బిడ్డా. వాళ్ళకు పావురం ఎక్కువైంది. పావురం వాన అసొంటిది. చేనుకు మంచిదే. కోర్టుకే జర కష్టం.” బస్సు వస్తుంటే డబ్బాలో మిగిలిన పల్లీలు నా చేతిలో పోశారు. “ఆ కేసముద్రం పిల్లకు చెప్పు, జానెడే తక్కువైందని. వచ్చే ఏడు అందుతది.” వచ్చే ఏడు అన్నాక ఖాళీ డబ్బాకు మూత పెట్టి బస్సెక్కారు.

చెప్పాను. వచ్చే ఏడు వచ్చింది. కొత్త కోచ్, కొత్త ఫ్లెక్సీ, అవే డప్పులు. ఫైనల్లో చివరి కూత మళ్ళీ స్రవంతిదే, మళ్ళీ మడమే దొరికింది. ఈసారి ఆమె నిలువునా ముందుకు పడింది. చేతులు చాపి, ఛాతీ నేలకానించి, ముఖం పక్కకు తిప్పి. వేళ్ళు గీతను తాకాయి. కొత్త కోచ్‌ని భుజాలమీద ఊరేగించారు. ఆ గోలలో సంపత్ అన్న ఒక్కడే కేక మధ్యలో ఆపేశాడు.

“ఆయన నేర్పిన పడుడే గదా చెల్లె అది.”

“అవునన్నా.”

“పోయి చెప్పాలె. వర్ధన్నపేట ఎంత దూరం?”

ఎంత దూరమూ కాదు. సార్ అక్కడ తన ఊళ్ళో బడి పిల్లలకు ఆట నేర్పుతున్నారని వింటూనే ఉన్నాం. పరీక్షలయ్యాక అనుకున్నాం. బతుకమ్మ పోయాక అనుకున్నాం. వర్ధన్నపేట మీదుగా పోయే ఖమ్మం రోడ్డు బస్సులు రోజూ మా ముందునుంచే పోయాయి.

“షీల్డు వచ్చిన సంగతి పేపర్ల చూసే ఉంటడు,” అన్నాడు సంపత్ అన్న ఇవాళ, దుకాణంలో. “పడుడు సంగతి తెలిసి ఉంటదా, చెల్లె?”

బయటికి వచ్చాను. మబ్బు పట్టి ఉంది. కాళ్ళు కాలేజీ వైపే నడిచాయి. గ్రౌండులో స్రవంతి, ఇప్పుడు తనే కెప్టెన్, చెప్పులు బయట విడిచి కొత్త పిల్లలకు పడటం నేర్పుతోంది. తొలి చినుకు పడగానే ఒకసారి చప్పట్లు కొట్టింది. ఇద్దరు పిల్లలు స్టోరు వెనకకు ఉరికి, మడత పెట్టిన పాత ఫ్లెక్సీ మోసుకొచ్చారు. నేనూ ఒక మూల పట్టుకున్నాను.

బోర్లించేముందు ఒకసారి చూశాను. అన్ని వానల మట్టి రాసుకుని కప్పులు చెరిగిపోయాయి, అక్షరాలు చెరిగిపోయాయి. కళ్ళు మాత్రం ఉన్నాయి. ఈల ఎక్కడా లేదు.

“మొఖం కిందికి అక్కా,” అంది స్రవంతి. “సార్ అట్లనే పరిచేటోడు.”

పరిచాం. రాళ్ళు పెట్టాం. వాన జోరందుకుంది. తెల్లటి వీపు మీద నీళ్ళు మడుగు కట్టాయి. కింద గీత పొడిగా ఉంది.