అజేలియా బిడ్డ

నా చిన్నప్పుడు, అంటే రాప్తాడులో ఎస్టీడీ బూత్ ముందు జనం వరుసగా నిలబడే రోజుల్లో, మా మేనత్త ఊటీ చూసి వస్తూ అజేలియా అనే చలిప్రాంతపు పూలమొక్కను తెచ్చింది. దారంతా బస్సులో ఒళ్ళోనే పెట్టుకుందట. కుండీ నా చేతికిచ్చి, "ఉగాదికి వస్తా. దీనికి ఒక్క పువ్వన్నా పూసి ఉంటే ఎండాకాలం నిన్ను ఊటీకి పిల్చుకపోతా" అంది. అనంతపురం ఎండల్లో పుట్టిన పిల్లకు చెప్పాల్సిన మాట కాదది. ఆనాటి నుంచి నాకు కుదురు లేదు, నా వల్ల మొక్కకూ లేకుండా పోయింది.

నీళ్ళు పోసేదాన్ని. పోసినవి ఇంకాయో లేదోనని మన్ను గెలికేదాన్ని. వెలుతురు కావాలని బయట పెట్టి, మాడుతుందని లోపల పెట్టి, గాలాడదని మళ్ళీ బయట పెట్టేదాన్ని. ఊటీ నుంచి మా ఊరికి చేసిన ప్రయాణం కంటే మా ఇంట్లో ఆ కుండీ చేసిన ప్రయాణమే ఎక్కువ. వేర్లు పట్టాయేమో చూద్దామని ఒకసారి కాస్త పైకి లాగాను కూడా. పైగా మా బోరు నీళ్ళు చెంబుకే తెల్లటి పొర కట్టేవి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, ఆకంతా పసుపు తిరిగింది. మొగ్గలు రాలడం మొదలైంది.

మా జేజి, అంటే నాయనను కన్న తల్లి, అంతవరకూ అరుగు మీద నుంచి చూస్తూ ఊరుకుంది. అజేలియా అన్న పేరు ఆమెకు నోరు తిరగదు, 'ఊటీది' అనేది. ఆ రోజు లేచొచ్చి, ఆకు పట్టి చూసి, "ఏమ్మే, ఇది బాలింత. బాలింతను ఎవురన్నా ఇట్ల ఊరంతా తిప్పుతారా?" అంది.

మా ఇళ్ళలో బాలింతంటే గాలి తగలని మూల, గడపకు వేపమండ, ఎవరూ తొంగిచూడకూడదు. జేజి ఆ మర్యాదలన్నీ ఊటీదానికి చేసింది. తాగునీళ్ళ కుండల వెనక చల్లటి మూలన పెట్టి, అడ్డంగా గోనెసంచి కట్టి, వేపమండ దోపింది. బోరు నీళ్ళ సున్నానికి విరుగుడుగా, చింతపండు పిసికిన చేయి కడిగిన పుల్లటి నీళ్ళు అప్పుడప్పుడూ ఆమే పోసేది.

"మరి నేనేం చేయల్ల?"

"బిడ్డను సాకు" అంటూ ఇంకో కుండీ ఇచ్చింది. అందులో ఒక పుల్ల గుచ్చి ఉంది. తల్లి నుంచి విరిచిన కొమ్మేనంది.

ఆ బిడ్డను నేను సాకినట్టు ఎవరూ సాకి ఉండరు. నీళ్ళు, గెలుకుడు, ఎండ, నీడ, పైకి లాగి చూడడం, అన్నీ జరిగాయి. చిగురు వేయలేదు. వాడనూ లేదు. ఆ వాడకపోవడమే నాకు గొప్ప. మధ్యమధ్య గోనెసంచి దగ్గర ముక్కు పెడితే, "చూపు తగుల్తాది, పో ఆ పక్కకు" అని జేజి కసిరేది.

ఉగాదికి అత్త వచ్చింది. జేజి గోనెసంచి తీసింది. ఆకులు పచ్చగా తేరుకున్నాయి. మిగిలిన ఒకే ఒక మొగ్గ గులాబీ రంగులో విచ్చుకుని ఉంది. నేను గర్వంగా పరిగెత్తిపోయి బిడ్డను కూడా తెచ్చి చూపించాను.

అత్త దాన్ని చూసింది. జేజిని చూసింది. "కంది కట్టె కదమ్మే ఇది! పొయ్యిలో పెట్టేది."

జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఏడుపు అందుకున్నాక దగ్గరకు లాక్కుంది. "నీ చేతులు ఊరికే ఉంటాయా మే? వాటికీ ఒకటి కావల్ల గదా. ఊటీదాన్ని నీకే ఇడ్సింటే ఈపాటికి పొయ్యిలోకి అదే పోయిండేది."

అత్త మాట నిలబెట్టుకుంది. ఊటీలో ఆ మొక్కలు ఎవరూ పట్టించుకోకుండానే గుబురుగా పూసి ఉన్నాయి. కాసేపు నాకు అవమానంగానే అనిపించింది.

ఇప్పుడు మా బాల్కనీలో ఒక కుండీలో కంది కట్టె ఉంది. నేను చేయి పెడితే చెడిపోయే పని ఏదైనా జరుగుతున్నప్పుడు పోయి దానికి నీళ్ళు పోస్తాను. నిన్న మా అమ్మాయి మొదటిసారి ఒక్కతే బస్సెక్కి పోయింది. నేను మన్ను గెలుకుతుంటే మా ఆయన వచ్చి, "ఎండిపోయింది గదా, పారేద్దామా?" అన్నాడు.

"పారేస్తే నేను పోయి పిల్లకు మళ్ళీ ఫోన్ చేస్తా" అన్నాను.

ఆయన లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.