బండి కింద కల్లు

సత్యవేడు కాశిం సాహెబ్ కొట్టే దోసె పెనాల గురించి జనం చెప్పుకునే దాంట్లో సగం కొట్టేసినా మిగిలింది ఎక్కువే. ఆయన పెనం మీద దోసె పోస్తే సరిహద్దు అవతల ఊత్తుకోటలో ఉన్నవాళ్లకు ఆకలి వేస్తుందట. ఒకసారి పరోటా కొట్టు మీదికి లారీ ఎక్కితే కొట్టు పోయింది, లారీ చక్రం పోయింది, పెనం మాత్రం మర్నాడు మళ్లీ పొయ్యెక్కిందట. ఇవేవీ కాశిం సాహెబ్ తానుగా చెప్పడు. ఎవరైనా చెబితే కాదనడు, అంతే.

ఆ పెనాన్ని అక్కడివాళ్లు పెనం అనరు. అరవం కలిసిన నోళ్లు కదా, దోసె కల్లు అంటారు. రాయిని కూడా కల్లే అంటారు. తంటా అంతా ఆ మాటతోనే వచ్చింది.

మార్చిలో ఒకరోజు కోమలి ఫోన్ చేసింది. ఆమె ఇల్లు ఆయన ఉండే వీధి చివరే. నాలుగు చక్రాలూ లాగే పాత జీపు నడుపుతుంది. కొండమీది పల్లెకు ఆ జీపు తప్ప వేరే బండి ఎక్కదు. కొలిమి దగ్గర గాలి హోరులో కాశిం సాహెబ్‌కు వినబడింది ఇంతే: "మామా, బండి... కల్లు... గట్టిది ఒకటి కొట్టియ్యి. సోమవారం లోపల కావాల."

"కల్లే గదా, ఇస్తాలే!" అని ఆయన ఫోన్‌లో అరిచాడు. వంటింట్లోంచి ఆయన భార్య ఖాజాబీ తల బయట పెట్టింది. "ఈ ఇంట్లో కల్లు మాట వినబడతా ఉండాదే! ఈ వయసులో ఇదేం బుద్ధి?"

"దోసె కల్లు ఖాజా! కోమలి టిఫిను బండి పెడతా ఉండాది."

"మరి జీపు?"

"అమ్మేసిందేమో పాపం."

ఆ మాట అనేసి ఆయన కాసేపు సుత్తి పట్టుకోలేదు. నిరుడు పదో తరగతి పరీక్షల మొదటి రోజే, పల్లె పిల్లలను తీసుకొస్తుంటే కొండ దారిలో రాయి తగిలి జీపు ఆయిల్ చాంబర్ పగిలింది. నూనె అంతా కారిపోయి ఇంజన్ ఆగింది. పిల్లలు పరుగెత్తుకుంటూ దిగేసరికి బడి గేటు మూసేశారు. ఆ రోజు పరీక్ష తెలుగు. గలగలా తెలుగు మాట్లాడే లోహిత అనే పిల్ల తెలుగులోనే తప్పింది. మిగతావాళ్లు వేసవిలో మళ్లీ రాసి గట్టెక్కారు, ఆమెకు మాత్రం అప్పుడు జ్వరం పట్టుకుంది. ఆ రోజు నుంచి కోమలి ఎవరి కళ్లలోకీ చూసి మాట్లాడలేదు. ఇక జీపు వద్దనుకుందేమోనని ఆయన జాలిపడ్డాడు. ఆ జాలి అంతా ఇనుములోకి పోయింది. కొట్లో ఉన్నవాటిలో మందమైన పలక తీసి, పిండి కారకుండా అంచులు లేపి, తన జన్మలో కొట్టనంత గట్టి కల్లు కొట్టాడు.

శనివారం పొద్దున దాన్ని తోపుడు బండి మీద వేసుకుని తీసుకెళితే, కోమలి ఇంటి ముందు జీపు కొయ్య దిమ్మల మీద నిలబడి ఉంది. కిందినుంచి కోమలి కాళ్లు మాత్రం కనబడుతున్నాయి.

"ఇదేంది మామా?" అంది బయటికి పాక్కుంటూ వచ్చి.

"నీ కల్లు."

"అయ్యో దేవుడా! నేనడిగింది దోసె కల్లు కాదు మామా. బండికి దారిలో కల్లు తగలకుండా అడ్డం గట్టిది ఒకటి కొట్టియ్యమన్నాను. ఎల్లుండి పిల్లకాయలకు పరీక్ష!" అని నవ్వబోయి, నవ్వలేక, అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. "లోహిత మళ్లా రాస్తా ఉండాది మామా. ఈసారి గూడా ఆ చాంబర్ పగిల్తే నేను ఆ పల్లెలో మొహం యాడ పెట్టుకునేది?"

కాశిం సాహెబ్ లుంగీ ఎగగట్టి జీపు కిందికి దూరాడు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇనుముతోనే బతుకుతున్నా, ఆయన ఏ బండి కడుపూ చూసి ఎరగడు. కొండలెక్కే అంత పెద్ద మృగానికి కడుపు కింద ఏ కాపుదలా లేదు. పేగుల్లా గొట్టాలు, వాటి మధ్య పసిబిడ్డ పొట్టలా వేలాడే చాంబర్. వేలితో తడితే పలచటి రేకు మోత. పక్కనే నిరుటి అతుకు. ఇంత మెత్తటి దాన్ని నమ్ముకుని ఇంతమంది పిల్లలను ఈ మనిషి రోజూ ఆ రాళ్ల మీద దింపుతోందా?

"కోమలీ, అట్టపెట్టె ఒకటి చింపి ఇట్లా ఇయ్యి," అన్నాడు కిందినుంచే.

అట్టను జీపు కింది ఛాసీ చట్రానికి ఆనించి, అక్కడ ముందునుంచే ఉన్న బోల్టు రంధ్రాల గుర్తులు బొగ్గుతో పెట్టాడు. ఆ అట్టను కల్లు మీద పరిచి చూస్తే, వెడల్పు కొలిచి కొట్టినట్టు సరిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దోసెలకు కొట్టింది దీనికెట్లా పట్టింది మామా?"

"అల్లా నాకంటే ముందు నీ ఫోను సరిగ్గా విన్నాడులే."

పలకను మళ్లీ కొలిమికి తెచ్చి, దాని ముందు అంచును కాల్చి ఇంకాస్త పైకి వంచాడు. "దారిలో కల్లు గుద్దుకోకూడదు, కింద జారిపోవాల." బొగ్గు గుర్తుల దగ్గర బోల్టులకు రంధ్రాలు తొలిచి, నూనె మార్చేటప్పుడు పలక విప్పే పని లేకుండా మధ్యలో ఒక కన్నం పెట్టాడు. గాలి ఆడేందుకు పక్కల సందు వదిలాడు. ఛాసీకి పట్టిన మట్టిని కోమలి ఇనుప బ్రష్‌తో గీకింది. ఇద్దరూ పట్టినా పలక లేవలేదు. చివరికి దాన్ని జాకీ మీదే పెట్టి మెల్లగా పైకెత్తారు. ఒక బోల్టు బిగించి ఇంకోటి పెట్టబోతే రంధ్రం పక్కకు జరిగింది. కోమలి తిట్టుకుంటూ అది విప్పి, అన్నీ చేత్తో ఎక్కించాక ఒక్కొక్కటే స్పానర్‌తో బిగించింది.

సోమవారం తెల్లారగానే కాశిం సాహెబ్ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. పల్లెలో పిల్లలు ఎక్కారు. లోహిత ఆయన వెనకే కూర్చుని పరీక్ష అట్టను గుండెకు అదుముకుంది. దిగుడులో మూడో మలుపు దగ్గర నేలలోంచి పొడుచుకొచ్చిన రాయి ఉంది. దాన్ని పందికోర అంటారు. నిరుడు చాంబర్‌ను చీల్చింది అదే. పక్కన లోయ, తప్పుకోవడానికి చోటు లేదు.

ముందు చక్రాలు దిగాయి. అప్పుడు మోగింది. అది ఇనుము మోత కాదు, గుడిగంట. జీపు ముక్కు పైకి లేచింది, కడుపు రాయి మీద జారింది, మెల్లగా అవతలికి దిగింది. ఆ మోత ఎదుటి కొండకు తగిలి, ఇంకో కొండకు తగిలి తిరిగొచ్చింది. కోమలి చూపంతా స్టీరింగు ముందు, ఇంజన్ నూనె పోతే వెలిగే ఎర్ర దీపం మీదే. అది వెలగలేదు.

"ఆగద్దక్కా, పో!" అని అరిచింది లోహిత.

బడి గేటు ఇంకా తెరిచే ఉంది. లోహిత ఎవరికీ చెప్పకుండా, వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తింది. కోమలి స్టీరింగు వదల్లేదు. ఆ గేటు వైపే చూస్తూ ఉండిపోయింది.

కాశిం సాహెబ్ రోడ్డు మీదే పడుకుని కిందికి చూశాడు. పలక మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఒక తెల్లటి గీత. సొట్ట లేదు. చెయ్యి పెట్టాడు. అప్పుడే పొయ్యి మీదినుంచి దించినట్టు వెచ్చగా ఉంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

జేబులో ఫోన్ మోగింది. ఖాజాబీ.

"ఏమండీ, కల్లు ఎట్లుండాది?"

"ఏ కల్లు?" అన్నాడాయన. "చెబితే నమ్మవు ఖాజా. నువ్వే వచ్చి సూడు."