సంతకానికి వేసిన కుర్చీ

కరోనా తగ్గిన మరుసటేడు, మామిడి సీజను ముగిసినాక, మదనపల్లె దగ్గరున్న ఒక రైఫిల్ క్లబ్బులో నన్ను స్టోర్ హెల్పర్ నుంచి రీలోడింగ్ రూము ఇన్‌చార్జిగా వేసినారు. క్లబ్బు పేరు రాయను. వేసినారన్న మాటే గానీ, అప్పటికి పద్దెనిమిదేండ్లుగా ఆ పని చేస్తా వచ్చింది నేనే. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. తుపాకులు కాల్చే రేంజి ఊడ్చేదానికి చేరి, పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నాను. ఏ రైఫిల్ కేసులు ఎన్నిసార్లు వాడినామో పుస్తకం చూడకుండా చెప్పేదాన్ని.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. తూటా పేలినాక బుల్లెట్టు పోతుంది, ఇత్తడి కేసు మిగులుతుంది. మంట వేడికి అది కాస్త ఉబ్బి ఉంటుంది. దాన్ని ప్రెస్సులో పెట్టి, లివరు దించి, డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తేవాలి. ఆ తరువాతే కొత్త మందు, కొత్త బుల్లెట్టు. దీన్నే రీలోడింగ్ అంటారు. పర్మిషన్ ఉన్న క్లబ్బు గనక ఇవన్నీ లెక్క ప్రకారమే జరిగేవి. చిన్న తూటాకు ఏ ప్రెస్సైనా సరిపోతుంది. మూడువందల మీటర్ల పందేనికి వాడే పెద్ద రైఫిల్ కేసు మాత్రం పొడుగు, మందం. నొక్కేటప్పుడు ఒళ్లంతా లివరు మీద వేయాల్సి వస్తుంది.

మా పాత ప్రెస్సు అరిగిపోయింది. కొత్తది ఎంచేదానికి నన్ను కుప్పం పంపినారు. అక్కడ గ్రానైటు మిషన్లు రిపేరు చేసే మునియప్ప దగ్గర ఒక పాత ప్రెస్సు ఉండాదని తెలిసింది. పోతఇనుముది. చట్రం ఉంగరం మాదిరి చుట్టూ మూసుకొని ఉంటుంది. మునియప్ప దాన్ని తట్టి, "ఎస్తేరమ్మా, నువ్వు గుంజితే మీ బెంచీ ఊడొస్తాదేమో గానీ, ఇది కదల్దు సూడమ్మా" అన్నాడు. నేను నా పద్ధతిలో చూసినాను. పనికి పెట్టే పెద్ద కేసునే పెట్టి, డైకీ కేసు పట్టుకునే పీటకూ మధ్య ఆపిల్ పండుకు చుట్టే పలచని కాగితం ముక్క ఉంచి, లివరు పూర్తిగా దించి, కాగితం లాగాలి. కాగితం చినిగితే చట్రం గట్టిది. చినగకుండా జారి వస్తే, బరువుకు చట్రం విచ్చుకుంటున్నట్టు, కేసు పాత కొలతకు పూర్తిగా రానట్టు. మునియప్ప ప్రెస్సులో కాగితం చినిగింది. ఐదుసార్లు చూసినాను, ఐదుసార్లూ చినిగింది.

తిరిగొచ్చేసరికి క్లబ్బు సెక్రటరీ సారు వేరే ప్రెస్సు తెప్పించి పెట్టినారు. తళతళలాడే అల్యూమినియం, నీలిరంగు పిడి. ముందువైపు తెరిచిన చట్రం, పైన డైలు తిరిగే చక్రం. గంటకు మూడింతలు పని అవుతుందని సారు మురిసిపోయినారు. ప్రారంభానికి పెద్దమనుషులను పిలిచి, కొబ్బరికాయ కూడా కొట్టినారు. ఆ తరువాత నేను పెద్ద కేసు పెట్టి, కాగితం లాగి చూసినాను. జారి వచ్చింది. మళ్లీ పెట్టినాను, మళ్లీ జారింది.

"సార్, ఇది చిన్న తూటాలకు బాగుంటాది. పెద్ద కేసుకు నోరు తెరుస్తాండాది" అన్నాను.

సారు నవ్వి, అందరూ వినేటట్టు, "సూడండప్పా, మా ఎస్తేరమ్మ ఆపిల్ కాగితంతో ఇంజనీరింగ్ చేస్తాండాది" అన్నారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

మరునాడు ఆఫీసు గదిలోకి పిలిచినారు. అన్నేండ్లలో ఆ గదిలో నేనెప్పుడూ నిలబడే మాట్లాడినాను. ఆ రోజు సారే కుర్చీ లాగి, "కూర్చోమ్మా, ఇన్‌చార్జివి గదా" అన్నారు. తనిఖీ కాగితం ముందు పెట్టినారు. ప్రెస్సు పరీక్షించి చూసినాను, పెద్ద తూటాలకు సరిపోతుంది, అని టైపు చేసి ఉంది. కింద నా పేరు. రిటైర్మెంటుకు రెండేండ్లుంది. కూర్చున్నాను, సంతకం పెట్టినాను.

అంతకుముందు ప్రతి తూటానూ గేజి అనే కొలత గొట్టంలో వేసి చూసేదాన్ని. కొత్త ప్రెస్సు వచ్చినాక పదింటికి ఒకటి చాలన్నారు. దానికీ సరేనన్నాను.

పుంగనూరు నుంచి నాగవేణి అనే అమ్మాయి మా దగ్గర కాల్చడం నేర్చుకుంటాండేది. వాళ్ల నాయన పాలకేంద్రం నడుపుతాడు. పొద్దున పాలు దించి ఏడు గంటల బస్సుకు వచ్చేది. ఆ ఏడు రాష్ట్రం టీముకు ఎంపికైతే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి దొరుకుతుంది. వయసు దాటే ఏడు అదే. ఎంపిక పోటీకి ఆమె తూటాలు నేనే కట్టినాను. డబ్బా ఇస్తే, "నువ్వు కట్టినాక నాకేం భయం అక్కా" అని గాల్లో ఎగరేసి పట్టుకుంది. "దించు తల్లీ, అవి శనిక్కాయలు కాదు" అని తిట్టినాను.

పోటీలో పదకొండో తూటా చాంబర్లోకి, అంటే రైఫిల్లో తూటా కూర్చునే గూటిలోకి, పూర్తిగా పోలేదు. తూటాను లోపలికి తోసి గడియ మాదిరి మూసే బోల్టు మూసుకోలేదు. వెనక్కీ రాలేదు. తూటా తప్పయితే ఎక్కువ టైము ఇవ్వరు. బోల్టు పట్టుకొని పెనుగులాడుతుండగానే టైము అయిపోయిందని గంట కొట్టేసినారు. ఆమె టీముకు ఎంపిక కాలేదు.

క్లబ్బులో విచారణ పెట్టినారు. ప్రెస్సు లోపమని రాస్తే నా సంతకం అడ్డం. నా లోపమని రాస్తే, నన్ను కూర్చోబెట్టి సంతకం పెట్టించింది ఎవరన్న మాట వస్తుంది. అందుకని ఇద్దరికీ నొప్పి లేకుండా, షూటరు తొందరపడి బోల్టు బిగించింది, అని రాసినారు. నన్ను అడిగితే నేను నోరెత్తలేదు.

నాగవేణి స్టోరు కాడికి వచ్చింది. ఏడవలేదు. "అక్కా, ఒకమాట సెప్పు. తూటా బాగుండిందా?" అని అడిగింది.

"బాగుండింది" అన్నాను.

"అయితే తప్పు నాదేలే" అని, రేంజి కార్డు బల్ల మీద పెట్టి పోయింది. మళ్లీ రాలేదు. ఇప్పుడు నాయన పాలవ్యాన్ తనే తోలుతోంది. పుంగనూరు బస్టాండులో ఒకసారి కనబడితే, "బాగుండావా అక్కా" అని నవ్వి పలకరించింది. ఆ రోజు కూడా నేను నిజం చెప్పలేదు.

ఆరునెలలు తిరక్కుండానే అల్యూమినియం ప్రెస్సును మూలన పెట్టి, కుప్పం పోయి మునియప్ప ప్రెస్సును తెచ్చినారు. ఎందుకు మార్చినారో క్లబ్బు మీటింగు మినిట్సులో రాయలేదు. దాన్ని బెంచీకి బిగించింది నేనే. రిటైరయ్యేదాకా దాని మీదనే పని చేసినాను. ఒక్క తూటా కూడా ఇరుక్కోలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎవరన్నా అడిగితే రెండు చెప్తాను. పెద్ద కేసుకు మూసిన చట్రమే కావాలి, ఇనుముదే కావాలి, కాగితం పెట్టి చూసుకోవాలి. కాగితం జారితే సంతకం పెట్టకూడదు. మొదటిది నాకు ముందునించీ తెలుసు. రెండోదీ తెలుసు. అయినా పెట్టినాను. దాని ఖరీదు నేను కట్టలేదు, నాగవేణి కట్టింది.