ఎడారిలో చెంబెడు పాలు

జనం ఎప్పుడో వదిలేసిపోయిన ఊళ్ళు చూద్దామని జైసల్మేరు దాటి కారులో తిరుగుతున్నాం. ఎక్కడ చూసినా కూలిన రాతిగోడలు, ఇసుక కప్పేసిన చేలు. మధ్యాహ్నానికి మా రెండేళ్ళ పాప ఆకలికి ఏడుపు అందుకుంది. తెచ్చుకున్న పాలేమో ఎండకు విరిగిపోయినాయి. కనుచూపుమేరలో అంగడి లేదు.

ఒక పాడుబడిన తోట దగ్గర ముసలాయన ఆవుల్ని తోలుకొస్తూ కనిపించినాడు. మాది పలమనేరు, పాలమ్మడమే మా బతుకు. అలవాటు కొద్దీ నాకొచ్చిన హిందీలో, "లీటరు ఎంత పెద్దాయనా?" అని అడిగేసినాను.

ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "పాలు అమ్ముతామా నాయనా?" అంటూ అక్కడే ఆవును పితికి, కాచి, చల్లార్చి పాపకు తాగించినాడు.

పాప నవ్వినాక ఆయనే అడిగినాడు.

"మీకెన్ని ఆవులు?"

"ఆరు."

"అన్ని పాలు ఏం చేస్తారు?"

అమ్ముతామని చెప్పకుండా, ఆయన అడిగింది నా భార్యకు తెలుగులో చెప్పినాను. "బెంగుళూరికి పోతాయని చెప్పండి. ఆడుండే పిల్లోళ్ళు తాగతారు కదా" అనింది.

అదే చెప్పినాను. ఆయన మొహం వెలిగిపోయింది. "ముక్కూమొహం తెలీని పిల్లలకు ఊరికే పాలు పోస్తున్నావా తల్లీ!" అని ఆమె తలమీద చెయ్యిపెట్టి దీవించినాడు.

ఇప్పుడు పొద్దున్నే క్యాను పాలకేంద్రానికి పోకముందే నా భార్య చెంబెడు పాలు పక్కన పెడతాది. వీధిలో ఏ పసిబిడ్డ ఏడ్చినా అవి ఆ ఇంటికే.

"ఆయన దీవెన చెంబెడన్నా నిజం కావాల గదా" అంటాది.